మొక్కు ఫలించిందా, వైద్యం ఫలించిందా? తర్కం చదివిన ఆస్తికుడి జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇది: చెల్లెలికి ఆపరేషన్ అనగానే అమ్మగారు తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ స్వామి దయ అన్నారు, ఇంజనీరింగ్ చదువుతున్న మీరు డాక్టర్ల పనితనం అన్నారు. మాటా మాటా పెరిగింది. నమ్మకం ఉన్నవాడికి తర్కం అక్కర్లేదు, తర్కం వచ్చినవాడికి నమ్మకం మిగలదు అని స్నేహితులు అంటున్నారు, ఇది నిజమేనా, రెండూ ఒకే మనిషిలో ఉండలేవా అని అడిగారు.

ఉండగలవు. అయితే "సైన్సు దారి సైన్సుది, మతం దారి మతానిది, రెండూ గొప్పవే" అని చెప్పి మిమ్మల్ని పంపించెయ్యను. ఆ మాట ఇంట్లో గొడవ సద్దుమణగడానికి పనికొస్తుంది గానీ మీరడిగినదానికి జవాబు కాదు. నేను ఉద్యోగం చేసినంత కాలం సంస్కృత కళాశాలలో తర్కశాస్త్రం చెప్పాను. దేవుణ్ణి నమ్ముతాను, సంధ్యావందనం మానలేదు. ఈ రెండు పనులూ చేస్తూ నాకు గట్టిగా అనిపించింది ఒకటి ఉంది. ఒక విశ్వాసం తర్కంతో కలిసి బతుకుతుందా లేదా అన్నది ఆ విశ్వాసం దేన్ని నమ్ముతోందో చూస్తే తేలదు. తనని కాదనేవాడి మాటని, వాడు చెప్పినంత బలంగా, తన ఇంట్లోనే చెప్పనిస్తుందా లేదా అన్నది చూస్తే తేలుతుంది. శాస్త్రాల్లో దీన్నే పూర్వపక్షం అంటారు. పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం రాసినవాణ్ణి మన పండితులు లెక్కలోకి తీసుకోలేదు.

మీ ఇంట్లో వచ్చిన తగాదా తర్కం చదివేవాళ్లకి కొత్తది కాదు. దాదాపు ఇదే ప్రశ్న తర్కసంగ్రహం మొదటి పేజీలో ఉంది. ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు, పదిహేడో శతాబ్దం మనిషి. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో సామెతే పుట్టింది. దేశంలో ఏ మూల తర్కం మొదలుపెట్టినా ఈ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. దానికి ఆయనే దీపిక అని వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. మూలం "నిధాయ హృది విశ్వేశం" అని మొదలవుతుంది, అంటే విశ్వేశ్వరుణ్ణి మనసులో నిలుపుకుని రాస్తున్నానని. గ్రంథానికి ముందు ఇలా ఇష్టదైవాన్ని తలుచుకోవడాన్ని మంగళం అంటారు. మంగళం చేస్తే విఘ్నాలు తొలగి పని పూర్తవుతుందని నమ్మకం. అమ్మగారి మొక్కు వెనక ఉన్నదీ ఈ నమ్మకమే.

మరి దీపికలో ఆయన ఏం చేశాడు? దేవుడికి దణ్ణం పెట్టిన మరుక్షణం, ఆ దణ్ణం పనిచేస్తుందనడానికి రుజువేమిటని ప్రతివాది చేత అడిగించాడు. బాణుడు కాదంబరికి మంగళం చేశాడు, అయినా అది పూర్తి కాకుండానే పోయాడు, మిగిలింది కొడుకు పూర్తిచేశాడు. కిరణావళి అనే శాస్త్రగ్రంథంలో మంగళం లేదు, అయినా గ్రంథం పూర్తయింది. మంగళం ఉన్నచోట ఫలం రాలేదు, లేనిచోట వచ్చింది. ఇటు అన్వయమూ తప్పింది, అటు వ్యతిరేకమూ తప్పింది. ఇక మంగళం కారణమని ఎలా అంటారు? ఇదీ ఆక్షేపణ. కారణం అనే మాట వాడాలంటే అది ఉంటే ఇది ఉండాలి, ఇది అన్వయం; అది లేకపోతే ఇది లేకపోవాలి, ఇది వ్యతిరేకం. ఈ రెండు పరీక్షలూ ఇవాళ మందుల కంపెనీ కొత్త బిళ్ళని పరీక్షించేటప్పుడు పెట్టేవే. ఆ పరీక్షని ఆయన తన ప్రార్థనకే పెట్టాడు, అదీ పిల్లలు చదువుకునే పాఠ్యపుస్తకంలో.

ఆయన ఇచ్చిన సమాధానం కూడా చెప్పాలి. కాదంబరి విషయంలో విఘ్నాలు మరీ ఎక్కువ, చేసిన మంగళం వాటికి చాలలేదు. కిరణావళి విషయంలో మంగళం గ్రంథంలో రాయకపోయినా బయట చేసే ఉంటాడు. క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి కొందరు పిల్లలు రాసుకుని ముందుకి పోతారు, ఒకరిద్దరు మాత్రం తలెత్తి చూస్తారు. ఆ తలెత్తినవాళ్ల కోసమే నేను ఈ పాఠం చెప్పేవాణ్ణి. కిరణావళి రాసిన ఉదయనుడు ఈశ్వరుడి కోసం జీవితమంతా వాదించినవాడు కాబట్టి ఆయన మనసులో దణ్ణం పెట్టుకునే ఉంటాడని ఊహించడం అన్యాయం కాదు. కానీ దేవుడే లేడన్న నాస్తికుడి గ్రంథం కూడా నిర్విఘ్నంగా పూర్తవుతుంది కదా? ఆ ప్రశ్నకి విశ్వనాథుడి న్యాయసిద్ధాంతముక్తావళి, మంగళం కనపడని చోట పూర్వజన్మలో చేశాడని కల్పించుకోవాలంటుంది. ఇక్కడ నేను ఒప్పుకోను. పూర్వజన్మ దాకా పోతే ఆ మాట ఎప్పటికీ తప్పు కాదు, తప్పయ్యే వీలే లేని మాటకి రుజువు కూడా ఉండదు. అయినా పూర్వపక్షాన్ని అంత పదునుగా పెట్టింది ఆ ఆస్తికులే, దాన్ని చెరపకుండా మనదాకా అందించిందీ వాళ్లే. సమాధానం బలహీనంగా ఉందని నేను ఇవాళ చెప్పగలుగుతున్నానంటే వాళ్లు నేర్పిన కొలతతోనే.

ఇంకా వెనక్కి వెళ్తే గౌతముడి న్యాయసూత్రాల్లో, రెండో అధ్యాయంలో, ఇంకా కటువైన ఆక్షేపణ ఉంది. వేదం ప్రమాణం కాదు, ఎందుకంటే అందులో అబద్ధం, పరస్పర విరోధం, చెప్పిందే చెప్పడం అనే దోషాలున్నాయి అని. అబద్ధానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ పుత్రకామేష్టి. యాగం చేసినా కొడుకు పుట్టలేదు. దానికి గౌతముడి జవాబు "న, కర్మకర్తృసాధనవైగుణ్యాత్". చేసిన పనిలోనో చేసినవాడిలోనో వాడిన సామగ్రిలోనో లోపం ఉండి ఉంటుంది అని. మనం రోజూ వినే మాటలు ఇవే కదా. నిష్ఠగా చెయ్యలేదు, మడి తప్పింది, ముహూర్తం కుదరలేదు.

ఈ జవాబుని కొట్టిపారెయ్యకండి. మీ కాలేజీ ల్యాబ్‌లో ప్రయోగం తప్పితే ఓమ్ నియమం తప్పని ఎవరూ రాయరు, ముందు మీటరు చూస్తారు, తీగలు చూస్తారు. తేడా ఒక్కచోట ఉంది. మీటరు పాడైందో లేదో ఆ ప్రయోగం ఫలితంతో పని లేకుండా విడిగా పరీక్షించి చెప్పొచ్చు. యాగంలో లోపం ఉందనడానికి ఫలం రాకపోవడం తప్ప వేరే గుర్తు చూపించగలిగితే గౌతముడి జవాబు నిలబడుతుంది. ఫలం రాలేదు కాబట్టి లోపం ఉంది, లోపం ఉంది కాబట్టి ఫలం రాలేదు అంటే అది అన్యోన్యాశ్రయం, తర్కంలో దోషమని తార్కికులే లెక్కించినది. ఎవరైనా బాబా "నీకు నమ్మకం చాలలేదు, అందుకే పని కాలేదు" అన్నప్పుడు మీరు అడగవలసింది ఇదే: నమ్మకం చాలిందో లేదో ఫలితం రాకముందు ఎలా కొలుస్తారు?

నిప్పుల గుండం సంగతి చూడండి. మన ఊళ్లలో పీర్ల పండక్కీ, వీరభద్రుడి జాతరకీ గుండం తొక్కుతారు. భక్తి ఉంటే కాళ్లు కాలవు అంటారు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. ఆ కేంద్రం వాళ్లు పదిమందీ చూస్తుండగా ఏ భక్తీ లేకుండా గుండం తొక్కి చూపించారు. కర్ర బొగ్గుకి వేడిని త్వరగా అందించే గుణం తక్కువ, పైన బూడిద పొర ఉంటుంది, అడుగు ఒక్కచోట ఆగేది రెప్పపాటు. అందుకే కాలదు. అదే వేడిలో ఉన్న ఇనప రేకు మీద నడిస్తే ఎవరికైనా కాలుతుంది. అన్నంభట్టు కిరణావళి మీద అడిగిన ప్రశ్నే ఇక్కడ చేతల్లో కనిపిస్తుంది: భక్తి లేకపోయినా ఫలం వచ్చింది, కాబట్టి ఆ ఫలానికి భక్తి కారణం కాదు.

ఆస్తికుడిగా నాకు దీంట్లో బాధ ఏమీ లేదు. బిడ్డ బతికితే గుండం తొక్కుతానని మాటిచ్చి, ఆ మాట కోసం భయాన్ని దిగమింగి నిప్పుల మీద అడుగేసిన తల్లి చేసినది భౌతికశాస్త్రం మీద ప్రకటన కాదు. ఆమె మాట నిలబెట్టుకుంది. బొగ్గు సంగతి తేలినంత మాత్రాన ఆమె కృతజ్ఞత అబద్ధమైపోదు. ఆ గుండం పక్కన నిలబడి "చూశారా మహిమ" అని హుండీ చాపేవాడి మాట మాత్రం అబద్ధమవుతుంది. ఈ రెంటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే మీ ఇంట్లో సగం తగాదా తీరుతుంది.

తర్కం వచ్చినవాడికి నమ్మకం మిగలదన్న మాట సంగతి. మన తత్త్వ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్లు, ఈశ్వరుణ్ణి అనుమానంతో నిరూపించాలని చూశారు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించి తేల్చడం. అన్నంభట్టు దీపికలోనే ఉంది ఆ వాక్యం: భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు (ఒక కారణం వల్ల పుట్టినవి) కాబట్టి, కుండ లాగా. బౌద్ధుడు ధర్మకీర్తి అంతకు వెయ్యేళ్ల ముందే, ఏడో శతాబ్దంలో, దీనికి తిరుగులేని దెబ్బ కొట్టాడు. కుండ మట్టితో అయింది, దాన్ని కుమ్మరి చేశాడు. పుట్ట కూడా మట్టితోనే అయింది కాబట్టి దాన్నీ కుమ్మరే చేశాడంటారా? కుండనీ పుట్టనీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది, పైకి ఒకేలా ఉన్నంత మాత్రాన కారణం ఒకటే అనడానికి వీల్లేదని. కుండ చేసేవాణ్ణి మనం చూశాం. కొండలు చేసేవాణ్ణి ఎవరూ చూడలేదు.

ఇది నాస్తికుల పక్షమని అనుకోవద్దు. వేదం కోసం ప్రాణం పెట్టిన మీమాంసకుడు కుమారిలభట్టు కూడా సృష్టికర్తని ఒప్పుకోలేదు. ప్రయోజనం లేకుండా మందబుద్ధి కూడా పని మొదలుపెట్టడు, అన్నీ ఉన్న ఈశ్వరుడికి సృష్టితో పనేమిటని శ్లోకవార్తికంలో నిలదీశాడు. ఇంకా నన్ను ఆశ్చర్యపరిచేది రామానుజాచార్యులు. ఆయన కంటే భక్తుణ్ణి ఎక్కడ వెతుకుతాం? బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" సూత్రం దగ్గర ఆయన ఈశ్వరానుమానాన్ని వరసగా విరగ్గొట్టాడు. పెద్ద మేడలూ రథాలూ ఎంతోమంది కలిసి కడతారు, అలాంటప్పుడు లోకానికి కర్త ఒక్కడే అని ఎలా తేల్చారు? ఇదంతా ఒక్కసారే పుట్టిందని ఎవరు చెప్పారు? మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉంది, మరి ఈయనకో? పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లో హ్యూమ్ అనే తత్త్వవేత్త వేసిన ప్రశ్నలు దాదాపు ఇవే. హ్యూమ్ వాటితో మతాన్ని శంకించాడు. రామానుజులు వాటితో, దేవుడు మన అనుమానానికి దొరికే వస్తువు కాడు, శాస్త్రం వల్లనే తెలియాలి అన్నాడు. ఒకే తర్కం, రెండు గమ్యాలు. కాబట్టి తర్కం ఎవర్నీ బలవంతంగా నాస్తికుణ్ణి చెయ్యదు, ఆస్తికుణ్ణీ చెయ్యదు. చెడ్డ రుజువుని చెడ్డ రుజువని చెప్పిస్తుంది, అంతవరకే.

ఉదయనుడి మాట ఒకటి మీకు చెప్పకుండా ఉండలేను. న్యాయకుసుమాంజలిలో, ఈశ్వరుడి గురించి చేసే ఈ న్యాయచర్చ కూడా ఉపాసనే, శ్రవణం తర్వాత వచ్చే మననం ఇదే అంటాడు. చివర్లో, ఇంత తర్కజలంతో కడిగినా ఎవరి హృదయంలో నీకు చోటు దొరకదో వాళ్లది రాతి గుండె అని ఒక్క క్షణం కోప్పడి, వెంటనే, కానీ నిన్ను ఖండించడానికే అయినా వాళ్లు నిన్నే గాఢంగా తలుస్తున్నారు, సమయం వచ్చినప్పుడు వాళ్లనీ నువ్వే కరుణతో ఆదుకోవాలి అని ప్రార్థిస్తాడు. ప్రతివాదిని పాపి అని తరిమెయ్యకుండా అతని కోసం కూడా దణ్ణం పెట్టిన వాదం నాకు ఇంకెక్కడా తగల్లేదు. ఇవాళ టీవీ చర్చల్లో ఆస్తికులమని చెప్పుకునేవాళ్లు కుసుమాంజలి చివర్లోని ఆ శ్లోకం చదివితే బాగుండును.

ఇంతవరకు చెప్పింది చూసి, విశ్వాసం ఏమన్నా తర్కం సర్దుకుపోవాలని అనుకోకండి. హద్దు ఉంది, దాన్ని గీసింది కూడా మనవాళ్లే. గీతాభాష్యం పద్దెనిమిదో అధ్యాయంలో శంకరాచార్యులు అంటారు: నిప్పు చల్లనిది, వెలుగులేనిది అని వంద శ్రుతివాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కావు. కంటికీ చేతికీ తెలిసే విషయంలో శాస్త్రం జోక్యం చేసుకోదు. ఈ హద్దు దాటితే ఏమవుతుందో గ్రహణాల చరిత్రలో కనపడుతుంది. ఆర్యభటుడు 499లో, సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్ద నీడ కప్పుతుంది అని తేల్చి రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు లెక్కలన్నీ నీడతోనే కట్టి, రాహువు లేడన్నవాళ్లని మాత్రం వేదస్మృతులకి విరోధమని తప్పుపట్టాడు. చేతిలో లెక్క ఒకటి, నోట్లో మాట ఒకటి. తర్వాత మన దేశం గురించి రాసిన అల్బెరూనీ ఈ సంగతి చూసి బాధపడ్డాడు. బ్రహ్మగుప్తుడంత గణితవేత్త అలా రాయాల్సి రావడం నాకూ బాధే.

ఇస్లాంలో అల్ గజాలీ అనే మతపండితుడు తత్త్వవేత్తలమీద యుద్ధమే ప్రకటించాడు. అయినా ఆ ఖండన గ్రంథం మొదట్లోనే, గ్రహణం నీడవల్ల వస్తుందన్నది లెక్కతో రుజువైన విషయం, దాన్ని మతం పేరుతో కాదనేవాడు మతానికే హాని చేస్తున్నాడు అని రాశాడు. మతాన్ని తప్పుదారిలో సమర్థించేవాడి వల్ల కలిగే నష్టం, దాన్ని సరైన దారిలో ఎదిరించేవాడి వల్ల కలిగేదానికన్నా ఎక్కువ అన్నది ఆయన ఉద్దేశం. వెయ్యేళ్లు కావస్తున్నా ఈ మాట ఎవరూ సరిగ్గా వినలేదు. పురాణాల్లో విమానాలూ ప్లాస్టిక్ సర్జరీలూ వెతికేవాళ్లు గజాలీ హెచ్చరించిన పనే చేస్తున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టి పురాణాన్ని కాపాడలేం. పురాణం చెప్పే ధర్మానికి ఆ అరువు సర్టిఫికెట్టు అక్కర్లేదు.

గ్రహణం రోజున తిరుమల ఆలయం మూసేస్తారు, శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది. ఇది ఎవరి ఆచారం వాళ్లది, దీనివల్ల చంద్రుడి కక్ష్య మారుతుందని ఎవరూ అనడం లేదు కాబట్టి తర్కానికి అభ్యంతరం లేదు. గ్రహణం పూట గర్భిణి మంచినీళ్లు తాగితే బిడ్డకి మొర్రి వస్తుంది అన్నారనుకోండి, అది లోకం గురించి చెప్పిన మాట. అక్కడ అన్వయ వ్యతిరేకాలు పెట్టాల్సిందే. పెడితే అది నిలబడదు. దాహంతో ఉన్న గర్భిణిని గంటల తరబడి కూచోబెట్టడం భక్తి కాదు.

మీ పక్షం మీద కూడా ఒక మాట. డాక్టరు చెప్పింది తర్కం, అమ్మ చెప్పింది నమ్మకం అని మీరు విడదీశారు. కానీ ఆ ఆపరేషన్ అవసరమని మీకు ఎలా తెలిసింది? డాక్టరు చెప్పారు, మీరు నమ్మారు. న్యాయశాస్త్రం దీన్ని శబ్దప్రమాణం అంటుంది, ఆప్తుడి మాట. ఆప్తుడంటే విషయం ప్రత్యక్షంగా తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషులకీ ఆర్యులకీ మ్లేచ్ఛులకీ సమానమే అని వాత్స్యాయనుడు రాశాడు. కులం, మతం, గడ్డం పొడవు చూసి ఆప్తుణ్ణి నిర్ణయించవద్దని దాని అర్థం. మనకి తెలిసినవాటిలో చాలా భాగం ఇలా ఇతరుల్ని నమ్మి తెలుసుకున్నవే. అయితే దీన్ని పట్టుకుని "డాక్టర్ని నమ్మడమూ స్వామీజీని నమ్మడమూ ఒకటే" అనేవాళ్లుంటారు, అది తప్పు. డాక్టరు ఆప్తుడో కాదో పరీక్షించడానికి రిపోర్టులున్నాయి, రెండో డాక్టరు ఉన్నాడు, తప్పు తేలితే అడగడానికి దారి ఉంది. పరీక్షకి నిలిచే ఆప్తుణ్ణే నమ్మాలి.

ఇక అమ్మగారి విషయం. ఆవిడ ఏం చేశారో తీరిగ్గా చూడండి. మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ మొక్కుకుని ఊరుకోలేదు. ఆస్పత్రిలో చేర్చారు, సంతకం పెట్టారు, డబ్బు కట్టారు. మొక్కు ఉంది కదా అని ఒక్క మందూ ఆపలేదు. అంటే చెల్లెలి శరీరానికి ఏది కారణమో ఆవిడకి మీ అంత బాగానూ తెలుసు. ఆ తర్వాత మిగిలింది, డాక్టరు చేతిలో కూడా లేనిది. దాని దగ్గర ఆవిడ చేతులు జోడించారు. స్వామి దయ అన్నప్పుడు ఆవిడ సర్జన్‌కి రావలసిన పేరు దోచుకోవడం లేదు, తనకి కలిగిన ఊరటకి ఒక దిక్కు చూపించుకుంటున్నారు. అక్కడ మీరు కారణకార్య విచారణ పెట్టారు. తర్కం తప్పలేదు, చోటు తప్పింది. వాదానికి ఎదుటివాడు ఏదో ఒకటి సాధ్యంగా, అంటే రుజువు చెయ్యవలసినదిగా, ప్రతిపాదించాలి. ఆవిడ ప్రతిపాదించలేదు.

ఆవిడే రేపు ఎవరో చెప్పారని చెల్లెలి మందులు మానిపించి విభూతి పెట్టిస్తానంటే, అప్పుడు కాళ్లు పట్టుకునైనా సరే, గొంతు పెంచైనా సరే, అడ్డుపడండి. నిప్పు గురించి శంకరులు అన్న మాట ఆవిడకే చదివి వినిపించండి. పూజగదిలో గీత పెట్టుకునేవాళ్లకి అది పరాయి వాదం అనిపించదు.

మొక్కు తీర్చడానికి ఆవిడ తిరుపతి వెళ్తే మీరూ తోడు వెళ్లండి. గుండు చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. తీరిక ఉంటే తర్కసంగ్రహాన్ని దీపికతో సహా ఎవరైనా గురువు దగ్గర కూర్చుని చదవండి, తెలుగు తాత్పర్యంతో ముద్రణలు దొరుకుతాయి. మంగళవాదం దగ్గరే ఒక వారం ఆగండి. అన్నంభట్టు సమాధానం చదివే ముందు పుస్తకం మూసి, మీరైతే ఏం చెబుతారో కాగితం మీద రాయండి, తర్వాత ఆయన జవాబుని బద్దలుకొట్టడానికి ప్రయత్నించండి. నా క్లాసులో తలెత్తి చూసిన పిల్లలకి నేను పెట్టిన పని ఇదే.